ఆకాశంలో రెండు మంచాలు

మొన్న మధ్యాహ్నం ఆఫీసులో క్యారేజీ విప్పుకుని కూర్చున్నానో లేదో, ఫోన్లో ఒక మెయిలు వచ్చి పడింది. నా ఖాతాలో ఉన్న మైళ్లు, అంటే టికెట్టుకి డబ్బు బదులు చెల్లే పాయింట్లు, ఈ నెలాఖరుతో చెల్లకుండా పోతాయట. ఈలోగా వాడుకోమని ఒక విమాన కంపెనీవాళ్లు నన్ను పేరు పెట్టి మరీ బతిమాలుకున్నారు. నేను వాళ్ల విమానం ఎక్కిన పాపాన పోలేదు. సుచిత్ర చౌరస్తాలో ఆఫీసు బస్సెక్కి మేడ్చల్లో దిగడం, సాయంత్రం మేడ్చల్లో ఎక్కి సుచిత్రలో దిగడం, ఇదీ నా దేశాటన. పక్క సీటు అమ్మాయి మెయిలు చూసి, "ఏంటక్కా, ఫారిన్ ప్రయాణమా? చెప్పనేలేదు" అని ఆటపట్టించింది. నేను ఫోను బోర్లా పెట్టాను. ఆ ఖాతా నాకు తెరిపించిన మనిషి పోయిన వానాకాలంలో చనిపోయారు.

మా ఎదురింటి బాబాయ్ గారు ఆయన. మాది గోదావరి వైపు. కాస్త పెద్దవాళ్లు ఎదురైతే చాలు, బాబాయ్ అనో పిన్ని అనో వరస కలిపేస్తాం. ఆయనది షామీర్‌పేట దగ్గర అలియాబాద్. కొత్తల్లో నేను అలా పిలిస్తే, "బాబాయ్ ఏందమ్మా, సిన్మాల లెక్క" అని సిగ్గుపడ్డారు. తర్వాత అలవాటైపోయింది. నన్ను బిడ్డా అనేవారు. మేడ్చల్ దగ్గర ఒక కూరగాయల విత్తనాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. కొత్త టమాటా రకాలు తయారు చేయడం ఆయన పని. ఆ పని మీదే ఏటా నెలల తరబడి తైవాన్‌లో తోటల్లో ఉండేవారట. పిన్ని మాత్రం జీవితంలో విమానం ఎక్కలేదు.

ఆయన్ని తలుచుకోగానే ముందు గుర్తొచ్చేది ఆ ఉంగరపు వేలు. ఏళ్ల తరబడి విత్తనాలు నలిపి నలిపి చూపుడు వేలు కాయ కాసిపోయింది. ఎంత నొక్కినా ఫోను దాన్ని గుర్తుపట్టేది కాదు. అందుకని ఉంగరపు వేలితో తెర జరిపేవారు. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, ఫోన్ను చేతి దూరంలో పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేవారు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి గేటు పక్క అరుగు మీద అలాగే కనిపించేవారు. "దొరికాయా బాబాయ్ గారూ?" అంటే తల అడ్డంగా ఊపి, "సీట్లు మస్తున్నయి బిడ్డా. మనకు మంచాలు గావాలె. రెండు" అనేవారు.

మంచాలే కావాలి మరి. పిన్నికి వెన్నుపూస దెబ్బతింది. టీ కాచినంతసేపు కూడా కూర్చోలేదు. నిలబడగలదు, మెల్లగా నడవగలదు, పడుకుంటే ఏ బాధా లేదు. కూర్చుంటే మాత్రం ప్రాణం పోతుంది. బిజినెస్ క్లాసులో, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కాసేపు పళ్లు బిగించి ఓర్చుకుంటే, సీటు పూర్తిగా వెనక్కి పడిపోయి మంచమవుతుంది. ఆ టికెట్టు కొనే స్తోమత ఆయనకి లేదు. కార్డు మీద ఖర్చు పెడితే వచ్చే పాయింట్లని విమాన కంపెనీల మైళ్లుగా మార్చి, ఆ మైళ్లతో రెండు మంచాలు సంపాదించి, పిన్నిని తైవాన్ తీసుకెళ్లాలి. నేను మా కాలనీకి వచ్చిన రోజు నుంచీ ఆయన అదే పని మీద ఉన్నారు.

ఏ కంపెనీ మైళ్లు మంచివో ఆయన చెబుతుంటే పెళ్లి సంబంధాలు ఎంచుతున్నట్టే ఉండేది. "గీ కంపెనీ మైళ్లు తక్కువనే అడుగుతది. గని పన్నులని సర్‌చార్జీలని మల్ల గుంజుతది. ఇంకోనికి గా గుణం లేదు, గని రెండు సీట్లు ఒక్కపాలె ఇయ్యడు, మొగని ఒకనాడు, పెండ్లాన్ని ఒకనాడు పొమ్మంటడు. మూడోడు ఇస్తడు, నడుమ దింపి రాత్రంత కుర్చీల కూసోవెడ్తడు." ఒక కంపెనీ మైళ్లతో ఇంకో కంపెనీ విమానం ఎక్కవచ్చని నాకు తెలియదు. అదెలా అంటే, "సుట్టరికాలు బిడ్డా. ఎవలికి ఎవలు సుట్టమో ఎరుకుండాలె. ఆల్లింట్ల జాగ లేకుంటే ఆల్ల సుట్టాలింట్ల పండుకోవచ్చు" అన్నారు. నవ్వకుండానే చెప్పారు. నేనే నవ్వాను.

మరీ చిన్న విమానాల్లో బిజినెస్ క్లాసంటే వట్టి వెడల్పాటి కుర్చీ అనీ, పేరు చూసి మోసపోకూడదనీ కూడా ఆయన దగ్గరే విన్నాను. తైవాన్‌కి మనకి నేరుగా విమానం లేదు. మధ్యలో మారాలి. మొదటి విమానంలో మంచం ఉంటే రెండో దాంట్లో కుర్చీ ఉండేది. రెండో దాంట్లో మంచం ఉంటే మొదటిది నిండిపోయేది. పాయింట్లని తొందరపడి ఏ కంపెనీలోనూ వెయ్యకూడదన్నది ఆయన గట్టి నమ్మకం. "కార్డుల ఉన్నన్ని దినాలు అవి నీయి. కంపెనీల ఏసినవా, ఇగ వాపస్ రావు. ముందుగాల మంచం కండ్లవడాలె, గప్పుడు ఎయ్యాలె" అని ఎంతమందికి చెప్పారో. ఎలా వేస్తారో చూపించడానికి నా కార్డు పాయింట్లు కొన్ని ఒక కంపెనీలో వేయించారు. మొన్న బతిమాలుకున్నది ఆ కంపెనీయే.

కాలనీలో ఆయనకి మైళ్ల సార్ అని పేరు పడిపోయింది. ఎవరింట్లో ఫ్రిజ్ కొంటున్నా, పెళ్లికి నగలు తీసుకుంటున్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆయన తన కార్డు గీస్తారు, వాళ్లు ఆయన ఫోనుకి డబ్బు పంపుతారు, పాయింట్లు ఆయనకి మిగులుతాయి. సుచిత్ర సూపర్ మార్కెట్‌లో వరసలో ముందున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా, "అన్నా, జెర నా కార్డు మీద కడ్త, నువ్వు నాకు ఫోన్ల పైసలు కొట్టు" అని అడగడం నా కళ్లతో చూశాను. ఆ మనిషి ఈయన్ని ఎగాదిగా చూసి సామాను సంచి ఛాతీకి హత్తుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఆదివారాలు రిహార్సల్ ఉండేది. పాత వ్యానొకటి కొని, మధ్య సీట్లు పీకించి, అందులో దూది పరుపు వేయించారు. పిన్నిని దాంట్లో పడుకోబెట్టి షామీర్‌పేట చెరువు దాకా తీసుకెళ్లేవారు. కదులుతున్న బండిలో ఎంతసేపు పడుకోగలదో చూడాలి కదా. నేనూ చాలాసార్లు వెళ్లాను. దారి పొడుగునా, "నొస్తాందా?" అని అడిగేవారు. పిన్ని పడుకునే, "పరుపుకు నొస్తలేదు, నీ నడుపుడుకు నొస్తాంది" అనేది. చెరువు కట్ట దగ్గర ఆపి, వెనక తలుపు ఎత్తి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు కాగితం పళ్లెంలో పెట్టుకొచ్చి, వంగి, "మేడమ్, వెజ్జా, నాన్‌వెజ్జా?" అనేవారు. పిన్ని ఆ ముసలి ఎయిర్ హోస్టెస్‌ని చూసి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వేది. వాళ్లిద్దరూ అంత హాయిగా ఉండటం నేను చూసింది ఆ బండి వెనకాలే.

అలాంటి ఒక ఆదివారమే, ఆయన పొత్తుల కోసం వెళ్లినప్పుడు, నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకు పిన్నీ ఇంత అవస్థ? హాయిగా ఇలా చెరువు దాకా తిరగొచ్చు కదా. అక్కడ ఏముందని?"

పిన్ని కొంగు చెంపకి అద్దుకుని చెరువు వైపు చూసింది.

"మాకు ఒక బిడ్డ ఉండె," అంది. "అప్పుడప్పుడే నడుస్తాంది. జరమొచ్చింది. రెండు దినాలల్ల అయిపోయింది. ఆయన గాడ తైవాన్ల ఉండె. కంపెనోల్లు ఫోన్ జేస్తే తోటలకు పోయి చెప్పిన్రంట. ఆడికెల్లి ఎల్లిండు గని సీటు దొరకలే. నడిమిట్ల ఏదో ఊర్ల ఎయిర్‌పోర్టుల పడి ఉన్నడు. ఆయన వచ్చేవరకు బిడ్డను వెట్టిన కాడ మన్ను గూడ ఎండింది."

నేను పిన్ని కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"నేను బిడ్డను ఒడిల ఏసుకోని కూసున్న యాల్లకు ఆయన ఏడ నిలవడ్డడు? ఎట్ల నిలవడ్డడు? సూడాలె బిడ్డా. గా తోట, గా జాగ. ఇన్నేండ్ల సంది గదే బాధ. సూస్తె నా పానం నిమ్మలమైతది. అడిగిన. తీస్కపోత అన్నడు."

మొక్కజొన్న పొత్తులతో బాబాయ్ గారు వచ్చారు. పిన్ని వెజ్జే కావాలంది. ఆ రోజు నుంచి ఆయన ఫోను జరుపుతుంటే నాకు నవ్వు రాలేదు. పెద్దాయన మీద గౌరవం పెరిగింది. రోజూ బస్సు దిగగానే నాకే ఆత్రంగా ఉండేది, దొరికాయేమోనని.

ఒక ఉదయం దొరికాయి. ఆఫీసుకి బయల్దేరుతుంటే గేటు దగ్గర నుంచి కేక వేశారు. వెళ్లి చూస్తే ఫోన్లో రెండు మంచాలు. రెండు విమానాల్లోనూ మంచాలే. పన్నులు తక్కువ. మధ్యలో ఆగేది కాసేపే. పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. ఇన్నాళ్లూ ఎవరు అడిగినా కదపని పాయింట్లన్నీ ఆయన నా ముందే ఆ కంపెనీలోకి మార్చేశారు. కాసేపటికే మైళ్లు వచ్చి కూర్చున్నాయి. ఇంక ఒక్క బటన్ నొక్కాలి. ఉంగరపు వేలు తెర మీదికి వెళ్లి ఆగింది.

"మూఢం," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"గా తారీఖు మూఢంల వస్తాంది బిడ్డా."

"మూఢం పెళ్లిళ్లకి బాబాయ్ గారూ! గృహప్రవేశాలకి! విమానానికి మూఢమేంటి?" అని అరిచినంత పని చేశాను. ఆయన మొహం తిప్పుకుని, "ఫస్ట్‌సారి ఎక్కుతాంది. దూర ప్రయాణం. మంచి దినం సూడకుంటె ఎట్ల? మూఢం పోయినంక మల్ల పడ్తయి తియ్యి" అన్నారు. టమాటా మొక్కకి తల్లీ తండ్రీ ఎవరో పరీక్షలు చేసి తేల్చే మనిషి! నేను పిన్ని వైపు చూశాను. గట్టిగా ఒక మాట అంటుందనుకున్నాను. పిన్ని, "ఆయన ఇష్టం బిడ్డా, నీకు బస్సు పోతది" అంది. సాయంత్రం వచ్చేసరికి ఆ మంచాలు ఎవరో తీసేసుకున్నారు. బాబాయ్ గారు అరుగు మీద కూర్చుని చెంబెత్తి మంచినీళ్లు తాగుతున్నారు. బాధ పడుతున్నారేమో, ఓదారుద్దామని వెళ్లాను. ఆ మొహంలో బాధ కనపడలేదు. ఎండలో నడిచొచ్చి నీడన కూర్చున్నవాడిలా ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. పలకరించకుండా ఇంట్లోకి వెళ్లిపోయాను.

తర్వాత ఆ కంపెనీ మంచాల రేటు పెంచేసింది. ఉన్న మైళ్లు ఒక్క మనిషికి మాత్రమే సరిపోతాయి. వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. మళ్లీ అందరి ఫ్రిజ్‌లూ, అందరి నగలూ. మళ్లీ అదే అరుగు. లోపల నుంచి పిన్ని, "దొరికినయా?" అని అడిగేది. ఈయన, "ఇగ దొర్కుతయి" అనేవారు. రెండు గొంతుల్లోనూ విసుగుండేది కాదు. కిటికీలోంచి అది వింటూ అన్నం తినడం నాకు కష్టంగా ఉండేది.

గుండె ఆగిపోయింది ఆయనకి. ఆస్పత్రికి చేరే సమయం కూడా ఇవ్వలేదు. వ్యానులో అదే పరుపు మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు, దారిలోనే పోయారు. అలియాబాద్‌లో వాళ్ల పొలం గట్టున దహనం చేశారు. వర్షం పడుతోంది. పిన్ని అంతసేపూ గొడుగు కింద నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేకపోయారు.

కర్మలన్నీ అయ్యాక పిన్ని నన్ను పిలిచి ఆయన ఫోను చేతిలో పెట్టింది. "గిండ్ల మైళ్లున్నయి గద. ఏమైతయో అడుగు బిడ్డా," అంది. నేను ఆ కంపెనీకి రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. సంతాపం కూడా తెలిపారు. ఖాతా సభ్యుడిది మాత్రమేనట. సభ్యుడు చనిపోతే అందులోని మైళ్లు చెల్లవట. భార్య పేరుకి మార్చడం కుదరదట. కొన్ని కంపెనీలు మారుస్తాయని వెతికితే తెలిసింది. ఈ కంపెనీ మార్చదు. బాబాయ్ గారు పన్నులు చూశారు, సీటు పొడవు చూశారు, రద్దు చేసుకుంటే ఎంత పోతుందో చూశారు, ఎవరికెవరు చుట్టమో చూశారు. ఈ ఒక్క నిబంధన చూసుకోలేదా ఈ పెద్దమనిషి? పోయిన మనిషి మీద కోపం రాకూడదంటారు. నాకు వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. మూడో రోజు వెళ్లాను. పిన్ని చెల్లెలు వచ్చి తోడుంటోంది. ఆవిడ వంటింట్లో ఉంది. పిన్ని మంచం మీద పడుకుని ఉంది. నేను పక్కన కుర్చీ లాక్కుని, ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే పిన్నే మాట్లాడింది.

"అప్పుడు మూఢం అన్నడు సూడు. నువ్వు మస్తు గుస్స జేసినవు."

"మరి చెయ్యనా పిన్నీ? చేతికొచ్చిన మంచాలు."

"మూఢం లేకుంటే ఇంకోటి దొర్కుతుండె ఆయనకు. గా జాగకు మల్ల పోవుడు ఆయనతోని కాదు బిడ్డా. నాకు ముందుగాలనే ఎరుక. ఉద్యోగం ఉన్నన్ని దినాలు తప్పక పోయిండు. పోయొచ్చినప్పుడల్లా వారం దినాలు మాట్లాడకపోతుండె. తీస్కపోత అని నోరు జారిండు. ఆ మాట తప్పలేక, పోలేక, గా ఫోన్ల పడ్డడు."

నాకు అరుగు మీద చెంబెత్తి నీళ్లు తాగిన ఆ మొహం కళ్ల ముందు కనిపించింది. అప్పుడు అర్థమైంది.

"మరి మీరు రోజూ దొరికాయా అని అడిగేవారు కదా?"

"అడగకుంటే నేను బిడ్డను యాది మరిసిన అనుకుంటడు. అప్పుడు ఇంక పరేషానైతడు." పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గట్టిగ పట్టువడ్తె తీస్కపోతుండె. పోయి ఆడ్నే కూలవడ్తుండె. బిడ్డనైతె పోగొట్టుకున్న. మనిషినన్న దక్కించుకోవాలె గద."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు పోవచ్చు. ఆయనకు ఏమైతదో అన్న బుగులు లేదు. ఒక్క మంచం సాలు. ఒక్కదాన్నే పోత. ఉన్నయంటివి గద ఒక్కలకు సరిపోను?"

చెప్పక తప్పలేదు. "పోయాయి పిన్నీ. ఆయన పేరు మీద ఉన్నవి ఆయనతోనే పోయినట్టేనట. ఇంకెవరికీ ఇవ్వరట."

"అన్నీనా?"

"అన్నీ."

పిన్ని చెయ్యి తీసేసుకోలేదు. కప్పు వైపు చూసింది. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. నేనే మాట కలిపాను. "డబ్బు పెట్టి కొందాం పిన్నీ. ఈ ఇల్లు ఉంది, ఏదో ఒకటి చేద్దాం. నేను వస్తాను మీతో, సెలవు పెట్టుకుంటాను." ఆ క్షణంలో నేను నిజంగానే అన్నాను. అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించలేదు.

"సరే," అంది పిన్ని. "ఇమానం దిగినంక ఏ ఊరికి పోవాలె?"

"ఏ ఊరంటే?"

"గా తోట. అది ఏ ఊర్ల ఉన్నది? నీతోని రోజు ముచ్చట వెట్టెటోడు గద. నీకు చెప్పిండా?"

నేను గుర్తు చేసుకున్నాను. ఎక్కడ విమానం మారాలో చెప్పారు. ఏ ఎయిర్‌పోర్టులో పడుకోవడానికి సోఫాలు ఉంటాయో చెప్పారు. ఏ కంపెనీ దుప్పటి మెత్తగా ఉంటుందో చెప్పారు. దిగాక ఎటు వెళ్లాలో, ఆ ఊరి పేరేమిటో ఏ సాయంత్రమూ ఆయన నోట రాలేదు.

"లేదు పిన్నీ. నాకు చెప్పలేదు."

"నాకు గూడ చెప్పలే," అంది పిన్ని.